ఐదో యూనిట్‌లో స్త్రీలు

మా విశ్వవిద్యాలయంలో ఎమ్మే ఇంగ్లీషు విద్యార్థులకి చికానో సాహిత్యం మీద ఒక ఆప్షనల్ పేపరు ఉంది. అమెరికాలోని మెక్సికన్ సంతతి ప్రజల్లో 1960ల ఉద్యమంలోంచి వచ్చిన తరం, అంతవరకూ తిట్టుగా వాడిన 'చికానో' అన్న మాటని సొంతం చేసుకుని తమ పేరుగా పెట్టుకుంది. ఆ పేపరుకి సిలబస్ రాసింది నేనే. మొదటి యూనిట్ చరిత్ర. రెండోది విద్యార్థి ఉద్యమం, దానిలోంచి విశ్వవిద్యాలయాల్లో పుట్టిన చికానో అధ్యయన విభాగాలు. మూడోది కవిత్వం, నాలుగోది నవల. ఐదో యూనిట్ 'స్త్రీవాద దృక్పథం'.

సెమిస్టర్లు ఎలా నడుస్తాయో పాఠాలు చెప్పేవాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు. అడ్మిషన్లు ఆలస్యమవుతాయి. మధ్యలో బందులు, పండగ సెలవులు, ఇంటర్నల్ పరీక్షలు. నాలుగో యూనిట్ సగంలో ఉండగానే పరీక్షల టైంటేబుల్ వచ్చేస్తుంది. ఐదో యూనిట్‌కి జిరాక్సులు ఇచ్చి 'ఇది మీరే చదువుకోండి' అంటాం. నేనూ అలాగే అన్నాను, వరసగా రెండేళ్ళు. స్త్రీవాదినని నలుగురిలో పేరున్నదాన్ని, సభల్లో మాట్లాడేదాన్ని. నా పేపర్లో స్త్రీలని జిరాక్సు కాగితాల కట్టగా మార్చేశానన్న సంగతి నాకు తట్టనే లేదు.

మూడో ఏడు ఒక విద్యార్థిని క్లాసు అయ్యాక నా గదికి వచ్చింది. "మేడమ్, రెండో యూనిట్‌లో అందరూ మగవాళ్ళే. ఐదో యూనిట్‌లో అందరూ ఆడవాళ్ళే. రెండో యూనిట్ జరుగుతున్నప్పుడు వీళ్ళంతా ఎక్కడున్నారు?" అని అడిగింది.

"ముందు ఉద్యమం వచ్చిందమ్మా. ఆ తర్వాత స్త్రీలు ప్రశ్నించడం మొదలుపెట్టారు" అన్నాను. ఆమె తల ఊపి వెళ్ళిపోయింది. నా జవాబు తప్పు. ఎంత తప్పో తెలుసుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. ఆ రోజు ఆమెకి చెప్పాల్సింది ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను.

అందరూ చెప్పే కథతోనే మొదలుపెడతాను. 1968 మార్చిలో తూర్పు లాస్ ఏంజెలెస్ హైస్కూళ్ళ నుంచి వేలాదిమంది మెక్సికన్ అమెరికన్ పిల్లలు క్లాసులు వదిలి వీధుల్లోకి వచ్చారు. ఆ స్కూళ్ళలో స్పానిష్ మాట్లాడితే శిక్ష. చదువు మధ్యలో వదిలేసేవాళ్ళ సంఖ్య చాలా ఎక్కువ. కాలేజీకి దారితీసే కోర్సులు ఈ పిల్లలకెందుకని చేతిపనుల కోర్సుల్లోకి నెట్టేవారు. రెండు భాషల్లో చదువు కావాలని, పాఠాల్లో తమ చరిత్ర ఉండాలని, తమవాళ్ళు టీచర్లుగా రావాలని ఆ పిల్లలు అడిగారు. లింకన్ హైస్కూల్లో పాఠాలు చెప్పే సాల్ క్యాస్ట్రో వాళ్ళకి అండగా నిలబడ్డాడు. ఆ తర్వాత ఆయనతో సహా 13 మంది మీద కుట్రకేసు పెట్టారు. క్యాస్ట్రోని టీచరు పనినుంచి తప్పించారు. విద్యార్థులు, తల్లిదండ్రులు స్కూల్ బోర్డు ఆఫీసులో రోజుల తరబడి బైఠాయించి ఆయన్ని మళ్ళీ పనిలోకి తీసుకునేలా చేశారు.

1968లోనే లాస్ ఏంజెలెస్‌లోని స్టేట్ కాలేజీలో మెక్సికన్ అమెరికన్ స్టడీస్ విభాగం మొదలైంది. దేశంలో ఇలాంటి విభాగాల్లో అదే మొదటిది. ఆ నవంబర్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ కాలేజీలో నల్లజాతి విద్యార్థులు, 'థర్డ్ వరల్డ్ లిబరేషన్ ఫ్రంట్' పేరుతో కలిసిన లాటినో, ఆసియన్ అమెరికన్, ఆదివాసీ విద్యార్థులు సమ్మెకి దిగారు. 1969 మార్చి దాకా సాగిన ఆ సమ్మె ఫలితంగా అక్కడ ఎత్నిక్ స్టడీస్ కాలేజీ వచ్చింది. 1969 జనవరిలో బర్కిలీలో అదే పేరుతో మరో సమ్మె. ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలోని విద్యార్థులు, అధ్యాపకులు, కార్యకర్తలు శాంటా బార్బరాలో సమావేశమై ఒక ప్రణాళిక రాసుకున్నారు. అదే 'ఎల్ ప్లాన్ ద శాంటా బార్బరా'. చికానో అధ్యయనాలకి దీన్ని పుట్టుక పత్రంగా చూస్తారు. విడివిడిగా ఉన్న విద్యార్థి సంఘాలు 'మెచా' అనే ఒకే పేరు కిందికి వచ్చింది కూడా అక్కడే. నార్త్‌రిడ్జ్‌లో రొడోల్ఫో అకూన్యా మొదటి అధ్యక్షుడిగా విభాగం మొదలైంది కూడా 1969లోనే. ఆయన 'ఆక్యుపైడ్ అమెరికా' 1972లో వచ్చింది.

ఈ కథలో ఒక గొప్ప నిజం ఉంది. ఈ విభాగాలు విశ్వవిద్యాలయాలు దయతలచి ఇచ్చినవి కావు. సస్పెన్షన్లకీ, అరెస్టులకీ, లాఠీలకీ ఎదురునిలిచి పిల్లలు సంపాదించుకున్నవి. విద్యార్థుల ఒత్తిడి లేకుండా ఏ విశ్వవిద్యాలయమూ తన సిలబస్‌ని ఇంతగా మార్చుకోదని నేను ఇప్పటికీ నమ్ముతాను. నా అభ్యంతరం ఈ కథ మీద కాదు, ఇందులోని పేర్ల పట్టిక మీద. కేసు పెట్టిన 13 మందీ మగవాళ్ళే. కథ చెప్పేటప్పుడు తలుచుకునే వక్తలు, విభాగాధిపతులు దాదాపు అందరూ మగవాళ్ళే. ఇక ప్రణాళిక సంగతి. విద్యార్థుల్ని ఎలా చేర్చుకోవాలి, అధ్యాపకుల్ని ఎలా నియమించుకోవాలి, ఏ కోర్సులు పెట్టాలి, సమాజంతో సంబంధం ఎలా ఉండాలి అని నూటయాభైకి పైగా పేజీల్లో వివరంగా రాసుకున్న ఆ ప్రణాళికలో స్త్రీల ప్రసక్తి ఒక్కసారి కూడా లేదని చరిత్రకారిణి సింథియా ఒరోజ్కో 1980ల మధ్యలో ఎత్తిచూపింది. స్త్రీల విముక్తి గురించి లేదు, చికానాల మీద కోర్సుల గురించీ లేదు.

మరి వాళ్ళెక్కడున్నారు? మా విద్యార్థిని అడిగిన ఈ ప్రశ్ననే డొలోరెస్ డెల్గాడో బెర్నాల్ పరిశోధనగా చేసింది. 1968 నాటి స్కూళ్ళ ఉద్యమంలో పాల్గొన్న ఎనిమిది మంది స్త్రీల మౌఖిక చరిత్రలు సేకరించి 1998లో 'ఫ్రాంటియర్స్' అనే స్త్రీల అధ్యయన పత్రికలో వ్యాసం రాసింది. వాళ్ళలో పౌలా క్రిసోస్టమో అప్పటికి లింకన్ హైస్కూల్ విద్యార్థిని. విక్కీ క్యాస్ట్రో అప్పటికే కాలేజీలో ఉంది. తర్వాత 'బ్రౌన్ బెరేస్'గా మారిన యువజన బృందానికి మొదటి అధ్యక్షురాలు ఆమే. చాలా ఏళ్ళ తర్వాత, ఏ స్కూల్ బోర్డు మీద అప్పట్లో పోరాడారో ఆ బోర్డుకే సభ్యురాలిగా ఎన్నికైంది.

డెల్గాడో బెర్నాల్ చేసిన పని పేర్లు చేర్చడంతో ఆగలేదు. నాయకత్వం అన్న మాటనే విప్పి చూసింది. మైకు పట్టుకుని మాట్లాడడం, పదవిలో ఉండడం మాత్రమే నాయకత్వమైతే స్త్రీలు తక్కువే కనిపిస్తారు. కానీ మనుషుల్ని ఒకరితో ఒకరిని కలపడం, సమావేశాలు ఏర్పాటు చేయడం, పక్కవాళ్ళలో చైతన్యం కలిగించడం కూడా నాయకత్వమే అంటుంది. ఇలా ఐదు రకాల పనుల్ని ఆమె గుర్తించింది. ఆ కళ్ళతో చూస్తే 1968 మార్చి మొత్తం వేరుగా కనిపిస్తుంది. వేలమంది పిల్లలు ఒకే వారంలో బయటకు నడవడం ఒక ఉపన్యాసంతో జరగదు. ఎవరో ఇల్లిల్లూ తిరగాలి. ఎవరో తల్లుల్ని ఒప్పించాలి. ఎవరో కరపత్రాలు అచ్చేసి పంచాలి.

మన పాఠకులకి ఇది కొత్త పద్ధతి కాదు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటల్ని స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర'గా 1986లోనే తెచ్చింది. చరిత్రలో స్త్రీలు లేరన్న ఫిర్యాదుతో ఆగకుండా, ఉన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళి కూర్చుని వినడం మనం అక్కడ నేర్చుకున్నాం. ఆ పుస్తకం నా అలమరలో ఉంది. దాని గురించి క్లాసుల్లో చెప్పాను. అయినా వేరే దేశపు ఉద్యమం మీద సిలబస్ రాయాల్సి వచ్చేసరికి ఆ పాఠం నాకు గుర్తురాలేదు. స్త్రీవాదం మనకి అలవాటైన చోట్ల మాత్రమే పనిచేస్తే దాన్ని చదువు అనొచ్చేమో గాని చైతన్యం అనలేం.

అయితే డెల్గాడో బెర్నాల్ వ్యాసం చదివినప్పుడు నాలో ఒక ఇబ్బంది కూడా మిగిలింది. టైపు చేయడం, టీ కాయడం, ఫోన్లు చేయడం – వీటన్నిటినీ నాయకత్వం అని పిలిస్తే గౌరవం దక్కుతుంది, నిజమే. కానీ ఆ పనులు ఆడపిల్లల మీదే ఎందుకు పడ్డాయన్న ప్రశ్న ఆ గౌరవం కింద కప్పబడిపోదా? వంటింటిని ఆలయం అన్నంత మాత్రాన వంట పంచుకున్నట్టు కాదని మనకి తెలుసు. అందుకే ఆ వ్యాసాన్ని నేను రెండు ప్రశ్నలతో చదువుతాను. ఎవరు ఏ పని చేశారు అన్నది మొదటిది. పని చేసినవాళ్ళకి నిర్ణయాల్లో ఎంత వాటా దక్కింది అన్నది రెండోది. మొదటిదానికి జవాబు దొరికినంత సులువుగా రెండోదానికి దొరకదు.

ఈ ఇబ్బంది నాకు పుస్తకాల్లోంచి రాలేదు. నేను ఎమ్మే చదివే రోజుల్లో స్కాలర్‌షిప్పుల కోసం, హాస్టల్ సీట్ల కోసం ఒక పోరాటం జరిగింది. ఏ విశ్వవిద్యాలయమన్నది ఇక్కడ అవసరం లేదు. నా చేతిరాత బాగుంటుందని స్టెన్సిల్ కోసే పని నాకిచ్చారు. డిమాండ్ల పత్రం రాత్రి రెండింటి దాకా కూర్చుని నేనే రాశాను. అందులో రెండు డిమాండ్లు నేను చేర్చినవే – ఆడపిల్లల హాస్టల్ గేటు వేళలు, లైబ్రరీ నుంచి వచ్చే దారిలో దీపాలు. సైక్లోస్టైల్ మిషన్ ఇంకు గోళ్ళలోంచి వారం దాకా పోలేదు. వైస్ ఛాన్సలర్‌కి ఇచ్చిన కాపీ తర్వాత చూస్తే నేను చేర్చిన రెండూ లేవు. కింద ఏడు సంతకాలున్నాయి, ఏడూ మగపిల్లలవే. "అవి మన అసలు సమస్యని పక్కదారి పట్టిస్తాయి" అన్నారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. లాఠీఛార్జిలో మమ్మల్ని వెనక్కి తోసి ముందు నిలబడ్డవాళ్ళే. అందుకే నేను ఏమీ అనలేకపోయాను. అంతకంటే సిగ్గుపడాల్సిన సంగతి ఒకటుంది. మా జూనియర్ అమ్మాయి ఒకతె "అక్కా, నీ పేరేదీ?" అంటే "పేరుదేముంది, పని జరగాలి గాని" అని నేనే చెప్పాను. ఆ మాట ఆమె నానుంచి నేర్చుకుని ఉంటే ఆ తప్పు నాదే.

అందువల్లే 1969 నాటి అమ్మాయిల మౌనం గురించి తొందరపడి తీర్పు చెప్పలేను. పైగా వాళ్ళు మౌనంగా లేరు. నా సిలబస్‌లో అసలు పొరపాటు ఇక్కడుంది. శాంటా బార్బరా సమావేశానికి ఒక నెల ముందు, 1969 మార్చిలో, డెన్వర్‌లో చికానో యువజనుల మహాసభ జరిగింది. అక్కడ స్త్రీలు విడిగా కూర్చుని తమ పరిస్థితి చర్చించుకున్నారు. సభ ముందు మాత్రం చికానా స్త్రీ విముక్తి కోరుకోవడం లేదన్నది తమ ఏకాభిప్రాయం అని ఒక్క ముక్కలో నివేదించారు. రచయిత్రి ఎన్రికెటా వాస్కెజ్ ఆ మాట విని దెబ్బతిన్నట్టయిందని తర్వాత రాసింది. ఆ వాక్యాన్ని తర్వాతివాళ్ళు రకరకాలుగా చదివారు. భయం అన్నారు కొందరు. తెల్లజాతి స్త్రీల ఉద్యమానికి తోకగా మారడం ఇష్టం లేదని చెప్పడం అన్నారు మరికొందరు. నాకు అందులో రెండూ వినిపిస్తాయి. ఏది నిజమైనా, ప్రశ్నే పుట్టకపోతే విముక్తి వద్దని తీర్మానించే అవసరం కూడా రాదు. అంటే పుట్టుక పత్రం రాయకముందే స్త్రీల ప్రశ్న గదిలో ఉంది. దాన్ని పత్రంలోకి రానివ్వలేదు.

1971లో లాంగ్‌బీచ్‌లోని స్టేట్ కాలేజీ విద్యార్థినులు 'ఇహాస్ ద క్వావ్‌తెమోక్' అని ఒక పత్రిక తెచ్చారు. క్వావ్‌తెమోక్ కూతుళ్ళు అని దానర్థం. క్వావ్‌తెమోక్ చివరి అజ్టెక్ పాలకుడు. ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్ళలో మెక్సికోలో డియాజ్ నియంతృత్వాన్ని ఎదిరించిన స్త్రీల సంఘానికీ అదే పేరు. 'స్త్రీవాదం మనది కాదు, తెల్లవాళ్ళది' అన్నవాళ్ళకి ఆ పేరే జవాబు. పత్రిక నడిపినవాళ్ళలో ముఖ్యురాలు అన్నా నియెటో గోమెజ్. విద్యార్థి సంఘానికి ఆమె అధ్యక్షురాలిగా ఎన్నికైతే, ఒక ఆడపిల్ల తమకి నాయకురాలు కావడం సహించలేని సహచరులు ఆమె దిష్టిబొమ్మని ఉరితీశారు, ఉత్తుత్తి అంత్యక్రియలు జరిపారు. మేలీ బ్లాక్‌వెల్ తన 'చికానా పవర్' (2011) పుస్తకంలో ఈ చరిత్రని ఆ స్త్రీల మాటల్లోనే నమోదు చేసింది. దిష్టిబొమ్మ గురించి చదివిన రోజు నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. ఉరితీసినవాళ్ళూ ఉరితీయబడినామే ఒకే కరపత్రాలు పంచినవాళ్ళు.

అదే ఏడాది మే నెలలో హ్యూస్టన్‌లో చికానాల తొలి జాతీయ సదస్సు జరిగింది. సుమారు 600 మంది వచ్చారు. గర్భనిరోధం, గర్భస్రావం, పిల్లల సంరక్షణ కేంద్రాలు, పెళ్ళి – అన్నీ మాట్లాడుకున్నారు. మన శత్రువు జాతివివక్షే గాని మన మగవాళ్ళు కాదంటూ చాలామంది సభ వదిలి వెళ్ళిపోయారు కూడా. ఇలాంటి చీలికలు మన సభల్లోనూ చూశాం. చీలిక వచ్చిందంటే ఆ ప్రశ్న ప్రాణమున్న ప్రశ్న అని అర్థం.

ఆ రోజుల్లో ప్రశ్నించిన స్త్రీలకి పడ్డ తిట్టు 'వెండీదా', అమ్ముడుపోయినది అని. 'మలించిస్టా' అని కూడా అనేవారు. స్పెయిన్ దండయాత్రలో కోర్టెస్‌కి దుబాసీగా ఉన్న మలించేని మెక్సికన్ జాతీయవాదం తరతరాలుగా ద్రోహిగా చూపిస్తూ వచ్చింది. 1973లో నియెటో గోమెజ్, ఆమె మిత్రులు 'ఎన్‌క్వెంట్రో ఫెమెనీల్' అనే చికానా విద్వత్ పత్రిక మొదలుపెట్టారు. అందులో 1974లో అడలైడా డెల్ కాస్టియో మలించే కథని తిరగరాసింది. సొంతవాళ్ళే బానిసగా ఇచ్చేసిన అమ్మాయి ఎవరికి ద్రోహం చేసినట్టు అన్న ప్రశ్న అక్కడినుంచి చికానా సాహిత్య విమర్శని వదల్లేదు. తమ మీద పడ్డ తిట్టునే పట్టుకుని దాని మూలానికి వెళ్ళి కొత్తగా చదవడం – చికానా సాహిత్య విమర్శకి ఇదొక పునాది అని నా ఉద్దేశం. 1981లో చెర్రీ మొరాగా, గ్లోరియా అన్జల్దువా సంపాదకత్వంలో వచ్చిన 'దిస్ బ్రిడ్జ్ కాల్డ్ మై బ్యాక్', 1987లో అన్జల్దువా 'బోర్డర్‌లాండ్స్' గాలిలోంచి ఊడిపడలేదు. వాటి వెనక విద్యార్థినులు తమ ఖర్చుతో అచ్చేసుకున్న చిన్న పత్రికలున్నాయి. నా ఐదో యూనిట్ 1981తో మొదలయ్యేది. దాంతో అంతకుముందు పన్నెండేళ్ళ పోరాటం లెక్కలోకి రాకుండా పోయింది.

ఆ పన్నెండేళ్ళలో నష్టపోయినవాళ్ళున్నారు. నియెటో గోమెజ్ నార్త్‌రిడ్జ్‌లోని చికానో స్టడీస్ విభాగంలో 1972 నుంచి చికానాల మీద కోర్సులు తయారుచేసి చెప్పింది. 1976లో ఆమెకి శాశ్వత నియామకం దక్కలేదు. పోరాడింది, చివరికి ఆ చోటు వదిలింది. విద్యార్థి ఉద్యమం సాధించిన విభాగంలోనే విద్యార్థి నాయకురాలికి చోటు లేకపోయింది. ఇందులో ఒక్క వ్యక్తిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. వీధిలో ఉన్నప్పుడు ఉద్యమానికి అందరి చేతులూ కావాలి. అదే ఉద్యమం విభాగంగా మారాక పోస్టులు, కమిటీలు, పదోన్నతులు వస్తాయి. ఎవరి పని పనిగా లెక్కకొస్తుందో అప్పుడు తేలుతుంది. పుట్టుక పత్రంలో లేనివాళ్ళు బడ్జెట్‌లోనూ ఉండరు.

తర్వాత స్త్రీలు తమ చోటు తాము కట్టుకున్నారు. 1982లో చికానా అధ్యాపకులు, విద్యార్థినులు 'మాల్క్స్' అనే సంఘం పెట్టుకున్నారు. 1972లో మొదలైన చికానో అధ్యయనాల జాతీయ సంఘం తన వార్షిక సదస్సుని స్త్రీల గొంతులు అన్న అంశం మీద జరిపింది 1984లో, ఆస్టిన్‌లో. పన్నెండేళ్ళు పట్టింది. ఆ సంఘం తన పేరులో 'చికానా' చేర్చుకుంది 1995లో.

పేరు దగ్గర కాస్త ఆగుతాను. స్పానిష్‌లో 'ఓ'తో ముగిస్తే పురుషుడు, 'ఆ'తో ముగిస్తే స్త్రీ. అందరినీ కలిపి చెప్పాలంటే 'ఓ'నే వాడతారు. ఒక్క అక్షరం కోసం అంత గొడవా అని నవ్వినవాళ్ళున్నారు. తెలుగువాళ్ళం మనం నవ్వకూడదు. 'అతను వచ్చాడు' అంటాం. 'ఆమె వచ్చింది' అంటాం, 'బస్సు వచ్చింది' అన్నట్టే. మన వ్యాకరణాలు మగవాళ్ళని మహత్తులన్నాయి. ఏకవచనంలో మన క్రియ మాత్రం మనల్ని గొడ్డూగోదా, రాయీరప్పల పక్కన నిలబెడుతుంది. అక్షరం చిన్నదే గాని అది ఎవరిని ఎక్కడ నిలబెడుతుందన్నది చిన్న విషయం కాదు.

1993లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో విద్యార్థులు, ఒక అధ్యాపకుడు విభాగం కోసం 14 రోజులు నిరాహారదీక్ష చేశారు. పూర్తి విభాగం అప్పుడు రాలేదు, ఒక కేంద్రం వచ్చింది. విభాగం 2005లో వచ్చింది. ఆ కేంద్రం పేరులో 'చికానా' ముందుంది, 'చికానో' తర్వాత. 1969లో పత్రంలో లేని మాట 24 ఏళ్ళకి బోర్డు మీద మొదటి మాట అయింది.

ఇదంతా పాత చరిత్రేగా అనొచ్చు. కానీ పుట్టుక కథ ఎలా చెప్పుకుంటామన్నది ఈ విభాగాలకి బతుకు సమస్య. అరిజోనా రాష్ట్రం 2010లో చట్టం చేసి, టూసాన్ స్కూళ్ళలో మెక్సికన్ అమెరికన్ స్టడీస్ కార్యక్రమాన్ని 2012 జనవరిలో మూయించింది. పుస్తకాలు క్లాసుల్లోంచి తీసి పెట్టెల్లో సర్దారు. దానికి ముందే, 2011లో, హైస్కూల్ పిల్లలు బోర్డు సభ్యుల కుర్చీలకి తమని తాము గొలుసులతో కట్టేసుకున్నారు. ఆ చట్టం అమలు వెనక జాతివివక్ష ఉందని 2017లో ఫెడరల్ కోర్టు తేల్చింది. 2020లో కాలిఫోర్నియా తన స్టేట్ యూనివర్సిటీలలో ఎత్నిక్ స్టడీస్ కోర్సు ఒకటి తప్పనిసరి చేసింది. ఇలా దాడులూ గెలుపులూ మారిమారి వస్తుంటాయి. దాడి వచ్చినప్పుడల్లా 'ఇప్పుడు మన లోపలి తగాదాలు వద్దు' అన్న మాట వస్తుంది. నా డిమాండ్ల పత్రంలోంచి రెండు డిమాండ్లు తీసేసింది ఆ మాటే. నియెటో గోమెజ్ తరానికి చెప్పింది కూడా ఆ మాటే. కానీ ఆ తగాదా బయటినుంచి వచ్చిందీ కాదు, తర్వాత వచ్చిందీ కాదు. ఉద్యమం పుట్టినప్పుడే దాంతో కలిసి పుట్టింది. దాన్ని దాచి చెప్పే పుట్టుక కథ అబద్ధం. శత్రువు ముందు అబద్ధంతో నిలబడలేం.

సిలబస్ సవరణకి వచ్చినప్పుడు నేను ఐదో యూనిట్ తీసేసి, అందులోని పాఠాలన్నీ వాటి వాటి సంవత్సరాల దగ్గర పెట్టి ఇచ్చాను. డెన్వర్ పక్కన శాంటా బార్బరా. అకూన్యా పుస్తకం పక్కన లాంగ్‌బీచ్ విద్యార్థినుల పత్రిక. బోర్డ్ ఆఫ్ స్టడీస్ సమావేశంలో ఒక సభ్యుడు కాగితాలు తిరగేసి "స్త్రీవాదం యూనిట్ తీసేశారేంటండీ, మీరే!" అన్నారు. ఆయన ఆశ్చర్యం నిజాయితీగానే ఉంది. చాలాసేపు వివరించాను. పాఠాల వరస ఒప్పుకున్నారు. శీర్షిక మాత్రం ఉండాలన్నారు. లేకపోతే పైనుంచి తనిఖీకి వచ్చినవాళ్ళు 'జెండర్ ఎక్కడ?' అని అడుగుతారట. నేను ఒప్పుకున్నాను.

అందుకని అచ్చయిన సిలబస్‌లో ఐదో యూనిట్ ఇప్పటికీ ఉంది. దాని కింద ఒక్క పాఠమే మిగిలింది – డెల్గాడో బెర్నాల్ వ్యాసం. సెమిస్టర్ మొదటి రోజున క్లాసు దాంతోనే మొదలుపెడుతున్నాను. "మీకు తెలిసిన ఒక పోరాటం తీసుకోండి. నీళ్ళ కోసం కావచ్చు, జీతాల కోసం కావచ్చు. కాగితం ఎవరు రాశారు, జనాన్ని ఎవరు పోగుచేశారు, అన్నం ఎవరు వండారు, సంతకం ఎవరు పెట్టారు – నాలుగు గళ్ళు గీసి పేర్లు రాసుకు రండి" అని చెప్తాను. రెండో రోజు పిల్లలు తెచ్చే కాగితాల్లో మూడు గళ్ళు నిండి ఉంటాయి అమ్మల పేర్లతో, పిన్నుల పేర్లతో, అత్తల పేర్లతో. నాలుగో గడి గురించి అప్పుడు మాట్లాడుకుంటాం.

నన్ను మొదట ప్రశ్న అడిగిన అమ్మాయి ఇప్పుడెక్కడుందో నాకు తెలియదు. ఆమె రాసిన పరీక్ష పేపరు మాత్రం గుర్తుంది. విద్యార్థి ఉద్యమం మీద ప్రశ్నకి నేను క్లాసులో చెప్పిందే రాసింది, ముందు ఉద్యమం వచ్చింది, తర్వాత స్త్రీలు ప్రశ్నించారు అని. నేను పూర్తి మార్కులు వేశాను.